ఏ రంగు అసలు రంగు?

ముస్లింల చరిత్ర అనగానే మన పాఠ్యపుస్తకాలకు నవాబులు గుర్తుకొస్తారు. మెచ్చుకోవాలనుకున్నవాళ్లు చార్మినారు, గోలకొండ, బిర్యానీ, అత్తరు అంటారు. తిట్టాలనుకున్నవాళ్లు గజనీ, ఔరంగజేబు అంటారు. ఈ రెండు జాబితాల్లోనూ చేతిలో రెంచీ పట్టుకున్న సాయిబు లేడు. రేకు సాపు చేసేవాడు లేడు. చెక్కకు చిత్రిక పట్టేవాడు లేడు. లారీ వెనక తలుపు మీద నెమలిని గీసేవాడు అసలే లేడు. ఏ ఊళ్లో ఏ షెడ్డుకెళ్లినా కనపడే మనిషి ఏ చరిత్ర పుస్తకం తిరగేసినా కనపడడు.

సచార్ కమిటీ 2006లో లెక్కలు తీస్తే తేలిందేమిటి? మన పనివాళ్లలో నూటికి 61 మంది ఎవరి కిందా నౌకరీ లేకుండా సొంతంగా ఏదో ఒకటి చేసుకుని బతుకుతున్నవాళ్లే. పట్నాల్లో నెల జీతం వచ్చే పని ఉన్న ముస్లింలు నూటికి 27 మందే. మనవాళ్లు ఎక్కువగా కనపడే పనుల్లో బళ్ల రిపేరు ఒకటని కూడా ఆ నివేదికే చెప్పింది. అంటే మన జాతి చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం గ్రీజు మరకల్లో ఉంది. దాన్ని చదివేవాళ్లేరీ?

ఆ అధ్యాయంలో ఒక్క పేజీ గురించి చెప్పాలని ఈ ప్రయత్నం. పాత లారీని విప్పి, బాగు చేసి, మళ్లీ రంగులేసే పని గురించి. నేను తీసుకున్నది కరాచీ, పెషావర్, రావల్పిండి షెడ్లలోని లారీ. మన ఆటోనగర్ లారీని వదిలేసి అంత దూరం ఎందుకని అడగొచ్చు. ఆ పని మీద పండితులు శ్రద్ధ పెట్టి రాశారు, అదొక కారణం. జమాల్ ఎలియాస్ అనే పరిశోధకుడు 2011లో ఆ లారీల మీదా, వాటిలో కనపడే అస్తిత్వం మీదా ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. ఇంకో కారణం మన బతుకులో ఉంది. క్రికెట్టు మ్యాచి జరిగిన ప్రతిసారీ ‘మీ పాకిస్తాన్’ అని ఎత్తిపొడిచే మనుషుల మధ్య బతుకుతున్నాం. ఆ భయంతో ఆ దేశం పేరెత్తడమే మానేశాం. అక్కడి జనరళ్ల గురించి, బాంబుల గురించి అందరూ మాట్లాడతారు. అక్కడి కూలివాడి గురించి, రంగులేసేవాడి గురించి మాట్లాడుకునే హక్కు మనకూ ఉండాలి.

అమెరికాలో పాత బండి

ముందు ఇంకో దేశంలో ఇదే పని ఎలా జరుగుతుందో చూద్దాం. అమెరికాలో పాత పికప్ ట్రక్కుల మీద మోజు ఎక్కువ. 1947లో వచ్చిన షెవర్లే, 1948లో వచ్చిన ఫోర్డ్ ఎఫ్ రకం బళ్లు అక్కడ రైతులకు రథాలు. పశువుల దాణా, కంచె స్తంభాలు, పిల్లాజెల్లా అన్నీ వాటిలోనే మోశారు. అవి మూలబడి గడ్డివాముల పక్కన తుప్పు పట్టాక, తాత జ్ఞాపకమని కొందరు, వేడుకకని కొందరు బయటికి తీసి బాగు చేయిస్తున్నారు.

ఆ బాగుచేతలో పెద్ద పట్టుదల ‘అసలు’ అనే మాట మీద. బండి కార్ఖానా నుంచి బయటికొచ్చిన రోజు ఏ ఆకుపచ్చ ఉందో ఆ ఆకుపచ్చే కావాలి. కంపెనీ వాడిన రంగు నంబరు వెతికి పట్టుకుంటారు. తలుపు పిడి దగ్గర్నుంచి మేకు దాకా ఆ ఏటిదే తెస్తారు. పోటీల్లో ఎంత ‘అసలు’కు దగ్గరుంటే అంత మార్కులు. మధ్యలో ఆ బండి మీద బతికిన మనిషి వేసుకున్న రంగు, పెట్టుకున్న అతుకు అన్నీ గీకి పారేయాల్సిన మురికి కిందే లెక్క. ఈ పద్ధతి నచ్చక తుప్పునూ వెలిసిన రంగునూ అలాగే ఉంచి, పైన పారదర్శకమైన పూత వేసుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్ల గొడవ వేరు.

నేను వాళ్లను తప్పు పట్టడం లేదు. ఆ బండి వాళ్ల దేశంలో పుట్టింది, వాళ్ల తాతలు కొన్నది. పుట్టిన రోజు రూపాన్ని వాళ్లు ప్రేమించుకోవచ్చు. మరి బండి వేరేవాళ్లదై, అది ఇంకొకళ్లకు అంటగట్టబడినప్పుడు ‘అసలు’ అంటే ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు కరాచీలో ఉంది.

లూటన్‌లో పుట్టి ఇంకెక్కడో పెరిగింది

కరాచీ నుంచి పెషావర్ దాకా దశాబ్దాల పాటు రోడ్డును ఏలిన లారీ పేరు బెడ్‌ఫోర్డ్. ఇంగ్లండులోని లూటన్‌లో వాక్స్‌హాల్ కంపెనీ 1931లో ఆ పేరుతో లారీలు మొదలుపెట్టింది. ఆ వాక్స్‌హాల్‌ను అంతకు ముందే, 1925లో, అమెరికా జనరల్ మోటార్స్ కొనేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యాలకు ఈ కంపెనీ రెండున్నర లక్షల దాకా బళ్లు చేసిచ్చింది. యుద్ధం అయిపోయాక సైన్యానికి అక్కర్లేని లారీలు, జీపులు మన ఉపఖండంలో డిస్పోజల్ సరుకుగా వేలానికొచ్చాయి. మన పాతకాలపు డ్రైవర్లు ‘డిస్పోజల్ బండి’ అనేవి ఇవే. దొరల యుద్ధానికి పనికొచ్చి, పనికిరాకుండా పోయి, చివరికి మన మేస్త్రీల చేతుల్లో పడ్డాయి. వాటిని విప్పి బిగించడంలోనే అప్పటి మెకానిక్కులు పని నేర్చుకున్నారు. ఆ పనికి ఇనిస్టిట్యూట్లు లేవు. ఉస్తాదు తిట్టే బడి.

పాకిస్తాన్ ఏర్పడ్డాక జనరల్ మోటార్స్ 1953లో కరాచీలో కార్ఖానా పెట్టింది. 1963లో అది గాంధారా ఇండస్ట్రీస్ చేతికొచ్చింది. 1972లో భుట్టో ప్రభుత్వం జాతీయం చేస్తే నేషనల్ మోటార్స్ అయింది. 1992లో మళ్లీ ప్రైవేటు పరమైంది. పేర్లు మారినా చాలాకాలం అక్కడి నుంచి బయటికొచ్చింది బెడ్‌ఫోర్డే. మూతి గుండ్రంగా, మొండిగా ఉండే ఆ లారీని డ్రైవర్లు ‘రాకెట్’ అని ముద్దుగా పిలుచుకున్నారు. దేవుడి దయ వల్ల అది రాకెట్టంత వేగం ఎన్నడూ పోలేదు. కానీ ఎంత బరువేసినా మోసేది. ఎక్కడ ఆగినా రోడ్డు పక్క మేస్త్రీ సుత్తి దెబ్బకు లేచి నడిచేది. 1980ల్లో ఇంగ్లండులో బెడ్‌ఫోర్డ్ లారీల కథ ముగింపుకొచ్చింది. 1987లో కార్ఖానా చేతులు మారింది. పుట్టినచోట చచ్చిపోయిన బండి, పోయినచోట మాత్రం బతికే ఉంది. తర్వాత జపాన్ నుంచి హినో, నిస్సాన్, ఇసుజు వచ్చినా పాత బెడ్‌ఫోర్డ్‌ను మళ్లీ మళ్లీ విప్పి, బాగు చేసి, రంగులేసి నడిపిస్తూ వచ్చారు.

ఇది పాకిస్తాన్ ఒక్కదాని కథేమీ కాదు. బొంబాయిలో జనరల్ మోటార్స్ 1928లోనే బళ్లు బిగించే కార్ఖానా పెట్టింది. తర్వాత బెంగాల్లోని హిందూస్తాన్ మోటార్స్ కూడా బెడ్‌ఫోర్డ్ లారీలు చేసింది. 1954 నుంచి టాటా మెర్సిడెస్, ఆ వెనకే లేలాండ్ రాకపోయి ఉంటే మన రోడ్ల మీదా అదే మూతి కనపడేది.

భుజ్ నుంచి కరాచీకి

లారీకి బొమ్మలు ఎవరేశారు? కరాచీ పెయింటర్లు చెప్పుకునే కథ ఒకటుంది. గుజరాత్ వైపు కచ్ సంస్థానంలో, భుజ్ పట్నంలో, రాజమహళ్ల గోడలకూ కప్పులకూ రంగులద్దే హాజీ హుస్సేన్ అనే కళాకారుడు 1920ల్లో కరాచీకొచ్చాడట. కరాచీ వర్తకుల ఊరు. రంగులేయడానికి రాజమహళ్లు లేవు. కడుపు నిండాలి గనుక గుర్రపుబళ్లకు పూలూ తీగెలూ గీశాడు. మోటారు బళ్లొచ్చాక ఆ పూలే బస్సుల మీదికీ లారీల మీదికీ పాకాయి. అటు పంజాబులో చెక్క మీద చెక్కుడు పనికి చినియోట్ ఊరిది పెద్ద పేరు. ఆ పనివాళ్ల చెయ్యి కూడా ఈ బళ్ల మీద పడిందని చెబుతారు.

ఈ కథలో ఒక సంగతి మనం ఆగి చూడాలి. కచ్‌ను ఏలింది హిందూ రాజులు. వాళ్ల మహల్ గోడ మీద తీగె గీసింది ముస్లిం. అతను కరాచీ వెళ్లినప్పుడు ఏ సరిహద్దూ దాటలేదు. సింధ్ అప్పుడు బొంబాయి ప్రెసిడెన్సీలోనే ఉంది. 1936లో గానీ విడిపోలేదు. బతుకుదెరువు కోసం భుజ్ నుంచి కరాచీకి పోవడమంటే మన పాలమూరు కూలీ బొంబాయికి పోయినట్టే. దేశం రెండు ముక్కలైంది తర్వాత. ఈ రోజు మనం ‘పాకిస్తానీ లారీ కళ’ అంటున్నదాని వేరు వెతుక్కుంటూ పోతే ఒక గుజరాతీ ముస్లిం చెయ్యి తగులుతుంది. ఆ చేతికి తర్ఫీదునిచ్చిన హిందూ రాజు గోడ తగులుతుంది. మరి ఈ బొమ్మ ఏ దేశానిది? ఏ మతానిది?

షెడ్డులో

ఇప్పుడు పని సంగతి. లారీ కార్ఖానా నుంచి ఛాసీ, ఇంజను, ముందు మూతితో వస్తుంది. మిగిలిందంతా షెడ్డులోనే. పాత లారీ అయితే పని ఇంకా ఎక్కువ. ముందు బాడీ దించుతారు. పుచ్చిన చెక్కలు తీసేస్తారు. ఛాసీకి బీటలుంటే వెల్డింగు చేసి, పట్టీ వేసి బలం పెంచుతారు. కమాను కట్టలకు ఇంకో రెండు ఆకులు చేరుస్తారు, కంపెనీ చెప్పిన బరువు ఎలాగూ ఎవడూ లెక్కచేయడు గనక. వడ్రంగి బాడీ గోడల్ని ఎత్తుగా కడతాడు. క్యాబిన్ నెత్తిన పడవ ముక్కులా ముందుకొచ్చే చెక్క కిరీటం పెడతాడు. దాన్ని ‘తాజ్’ అంటారు. టింకరు సొట్టలు తీస్తాడు. పాత రంగు గీకుతారు, మండించి ఊడగొడతారు. పుట్టీ పెట్టి, నీళ్ల కాగితంతో రుద్దీ రుద్దీ అద్దంలా చేస్తారు. ఆపైన అస్తరు పూత, ఆపైన ఎనామెల్.

అప్పుడొస్తాడు పెయింటర్ ఉస్తాద్. దారానికి సుద్ద రాసి చిటికేసి గీత కొడతాడు. ఆ గీతల గళ్లలో పూలు, నెమళ్లు, చకోరాలు, పులులు, కొండలు, సరస్సులు ఎక్కుతాయి. నమూనా కాగితం ఉండదు. చేతిలోనే ఉంటుంది. చిన్న పూలు షాగిర్దులు నింపుతారు. మొహాలు ఉస్తాదే గీస్తాడు. ఇంకో పనివాడు మెరిసే కాగితాన్ని సన్నసన్నగా కత్తిరించి అతికిస్తాడు, దాన్ని ‘చమక్‌పట్టీ’ అంటారు. బంపరు కింద గొలుసులు, వాటికి మువ్వలు. అఫ్ఘనిస్తాన్ యుద్ధానికొచ్చిన అమెరికా సిపాయిలు ఆ చప్పుడు విని వీటికి గజ్జెల లారీలని అర్థమొచ్చే పేరు పెట్టుకున్నారు.

ఊరిని బట్టి వేషం మారుతుంది. పెషావర్ వైపు, బలూచిస్తాన్ వైపు చెక్కుడు పని తలుపులు ఎక్కువ. రావల్పిండిలో ప్లాస్టిక్ అతుకుల హంగు ఎక్కువ. సింధ్‌లో ఒంటె ఎముకతో పొదుగు పని ఉంది. లారీ దూరంగా వస్తుండగానే అది ఏ వైపుదో తెలిసిన కన్ను పోల్చుకుంటుంది. చిన్న సుజుకి పికప్పులు, ఊరి మినీ బస్సులు కూడా ఈ సింగారం లేకుండా రోడ్డెక్కవు.

ఇంత ఖర్చు ఎందుకు? ఒక లారీ వేషానికి లక్షల రూపాయలవుతాయి, వారాల తరబడి బండి షెడ్డులోనే ఆగిపోతుంది. చదువుకున్నవాళ్లకిది పిచ్చి. కానీ అక్కడ చాలామటుకు లారీలు పెద్ద కంపెనీలవి కావు, ఒకటి రెండు బళ్లున్న చిన్న యజమానులవి. డ్రైవరుకు లారీయే ఇల్లు. నెలలో ఎన్ని రోజులు పెళ్లాం పిల్లల మొహం చూస్తాడో అతనికే తెలియదు. ఇంటికి రంగేసుకుంటే పిచ్చి అని ఎవరూ అనరే! పైగా బాగా కళగా ఉన్న బండిని బాగా చూసుకుంటున్నారన్న నమ్మకం సరుకు ఎక్కించే షావుకారుకూ కలుగుతుంది.

అయితే షెడ్డును స్వర్గంలా చూపించడం నా ఉద్దేశం కాదు. థిన్నర్ వాసన పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడవుతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడమే రక్షణ. ఎనిమిది పదేళ్ల పిల్లలు బడి మానేసి నీళ్ల కాగితం రుద్దుతుంటారు. పని నేర్పుతున్నాడు గనక ఉస్తాదు జీతమివ్వడు, ఇచ్చినా చాయ్ డబ్బులే. ఆడవాళ్లకు ఆ షెడ్లలో చోటు లేదు, లారీ మీద బొమ్మగా తప్ప. ఉస్తాదుకూ లారీ మీద ఏ హక్కూ లేదు. మూలన చిన్నగా పేరూ ఊరూ రాసుకుంటాడు. మూడు నాలుగేళ్లకు మళ్లీ బండి షెడ్డుకొస్తుంది. ఆ పేరూ ఆ బొమ్మా గీకేస్తారు. కొత్త బొమ్మ వస్తుంది. ఒక మనిషి నలభై ఏళ్లు గీస్తే చివరికి మిగిలేది ఆఖరి మూడు నాలుగేళ్ల పని. అందుకే దీని చరిత్ర రాయడం కష్టం. తాను చేసినదాన్ని తానే గీకి మళ్లీ చేసుకోవాల్సిన మనుషుల చరిత్ర ఏ మ్యూజియంలో దొరుకుతుంది?

బొమ్మ హరామా?

లారీ మీద ఏముంటుందో చూస్తే అక్కడి సామాన్యుడి మతం తెలుస్తుంది. ముందు వైపు, నెత్తి మీద, కాబా ఒక పక్క, మదీనా మసీదు ఒక పక్క. అల్లా, మొహమ్మద్ పేర్లు. నడుమ ఎక్కడో బురాఖ్, ఆడమనిషి మొహం, గుర్రం ఒళ్లు, రెక్కలు. ప్రవక్త మేరాజ్ రాత్రి ఎక్కి వెళ్లిన వాహనం గనక వాహనానికి అదే రక్ష. అద్దం మీద తావీజు, బంపరుకు నల్లగుడ్డ, దిష్టికి పాత చెప్పు. వెనక్కెళ్తే లోకం మారిపోతుంది. అక్కడ సినిమా తార, పహిల్వాన్, యుద్ధంలో చచ్చిన సిపాయి, డయానా రాణి, నుస్రత్ ఫతే అలీ ఖాన్. దిగిపోయిన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా జనరల్ అయూబ్ ఖాన్ బొమ్మ, పోయాక నీ విలువ తెలిసిందంటూ ఒక వాక్యం. ఇంకా కొంటె మాటలు, తల్లి దువాయే స్వర్గపు గాలి అన్న మాటలు.

మౌల్వీ సాబ్‌కు ఇది నచ్చదు. ప్రాణమున్నదాని బొమ్మ వేయకూడదంటాడు. బురాఖ్‌కు ఆడమొహం ఏమిటంటాడు. జియా ఉల్ హక్ 1977 నుంచి 1988 దాకా దేశానికి మతం రంగు పులిమాడు. లారీల వెనక మొహాలు మాత్రం పోలేదు. 2002లో పెషావర్లో మతపార్టీల ప్రభుత్వం వచ్చాక రోడ్ల మీద హోర్డింగుల్లోని ఆడవాళ్ల బొమ్మలకు నల్లరంగు పూశారు. పక్క దేశంలో తాలిబాన్ల మొదటి పాలనలో బొమ్మే నేరం. ఇంత జరిగినా డ్రైవరు తన బురాఖ్‌ను వదులుకోలేదు. అతను మత శాస్త్రంతో వాదానికి దిగలేదు. రంగు డబ్బులిచ్చి బొమ్మ వేయించుకున్నాడు, అంతే.

ఇది చదువుతుంటే మన పీర్ల పండగ గుర్తుకు రావడం లేదూ? మన దర్గా ఉర్సు, మన కందూరు, మనింట్లో గోడకు వేలాడే బురాఖ్ పటం, ఊళ్లో అన్ని కులాలవాళ్లూ కలిసి నిప్పుల గుండం చుట్టూ ఆడే అలావా? ఇవి కూడా ‘అసలు ఇస్లాం’ కాదనే వాళ్లు మనలోనే తయారయ్యారు. వాళ్ల చేతిలోనూ ఒక గీకుడు పలక ఉంది.

వాషింగ్టన్‌కెళ్లిన లారీ

2002 ఎండాకాలంలో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ సంస్థ సిల్కు దారి మీద ఒక జానపద ఉత్సవం చేసింది. ఒక బెడ్‌ఫోర్డ్ లారీని కరాచీ నుంచి ఓడ మీద అక్కడికి చేర్చారు. కరాచీ కళాకారులు హైదర్ అలీ, జమీలుద్దీన్ జనం చూస్తుండగా దానికి రంగులేశారు. జంట గోపురాలు కూలి అప్పటికి ఏడాది కూడా కాలేదు. గడ్డం, తలపాగా ఉన్నవాడల్లా అక్కడ అనుమానితుడు. ముస్లిం అనుకుని ఆరిజోనాలో ఒక సిక్కు పెట్రోలు బంకు యజమానిని కాల్చి చంపిన రోజులవి. అటువంటి చోట ఆ లారీ చుట్టూ పిల్లలు మూగారు. తర్వాత 2006లో మెల్‌బోర్న్‌లో కామన్‌వెల్త్ ఆటలప్పుడు ఒక ట్రాము బండికి కరాచీ మినీ బస్సు వేషం వేశారు.

అప్పుడు గానీ సొంత దేశంలో చదువుకున్నవాళ్లకు ఇది కళ అని తోచలేదు! దుర్రియా కాజీ లాంటి కొద్దిమంది కళా అధ్యాపకులు అంతకు ముందునుంచే చెబుతున్నా, చాలామంది పెద్దింటివాళ్లకు అది కూలివాడి అల్లరి రంగే. అమెరికావాడు మెచ్చుకున్నాక అదే బొమ్మ కెటిల్ మీదికీ, చెప్పుల మీదికీ, హోటలు గోడ మీదికీ ఎక్కింది. ఉస్తాదుల్లో ఒకరిద్దరికి పేరొచ్చింది. షెడ్డులో మిగతావాళ్ల కూలి మాత్రం పెద్దగా మారలేదు. ముస్లింలలో కులం లేదనేవాళ్లు ఒక్కసారి ఇక్కడ చూడాలి. కుమ్మరి, వడ్రంగి, కమ్మరి, రంగు పనివాడు, వీళ్లెవరి పనినీ అష్రాఫ్‌లు ‘తహజీబ్’లో కలపలేదు. గజల్ తహజీబ్. లారీ బొమ్మ కాదు. మన దగ్గరా అంతే గదా! నవాబు షేర్వాణీ మన సంస్కృతి అయింది. దూదేకులవాడి ఏకు బద్ద, కసాబు కత్తి, మెకానిక్ ఖాకీ చొక్కా మన సంస్కృతి కాలేదు.

ఇటు పక్క

ఇక మన దగ్గరికొద్దాం. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్. హైదరాబాద్ సంస్థానంలో ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది దాకా చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదికను ఎన్నో ఏళ్లు ప్రభుత్వ బీరువాల్లోనే దాచారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్లు పోయినందుకు ఏడవక్కర్లేదు. కానీ ఆ దేవిడీల్లో వంటవాడు, బండివాడు, కాపలావాడు, సైన్యంలో చిన్న సిపాయి, వీళ్ల నౌకర్లూ పోయాయి. ఉన్నవాళ్లు కరాచీ వెళ్లిపోయారు. అక్కడ హైదరాబాద్ కాలనీ అని వాళ్ల పేరుతో ఒక పేటే ఉంది. లేనివాళ్లు ఇక్కడే రిక్షా తొక్కారు. సైకిలు పంచర్లు వేశారు. మోటారు షెడ్లలో చేరారు.

కోస్తాలో 1960ల్లో విజయవాడ ఆటోనగర్ లేచింది. ఛాసీతో వచ్చిన లారీకి అక్కడ చెక్క బాడీ కట్టారు, టింకరింగ్ చేశారు, రంగులేశారు. అన్ని కులాలవాళ్లూ ఉన్న ఆ షెడ్లలో మనవాళ్లూ ఎంతో మంది. అక్కడ ఒక తమాషా చూడొచ్చు. సాయిబు పెయింటరు క్యాబిన్ మీద వెంకటేశ్వరస్వామిని గీస్తాడు, దుర్గమ్మ పేరు రాస్తాడు, యేసు శిలువ గీస్తాడు, 786 అంకె వేస్తాడు. యజమాని ఎవరైతే ఆ దేవుడు. వడ్రంగి విశ్వబ్రాహ్మడు బాడీ కట్టిన లారీకి దర్గా నుంచి తెచ్చిన తాయెత్తు కడతారు. బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయలు, నల్లతాడు, పాత చెప్పు. అటు పెషావర్ లారీకీ ఇటు బెజవాడ లారీకీ దిష్టి తగిలేది ఒకే కన్ను నుంచి, దాన్ని తిప్పికొట్టేది ఒకే పాత చెప్పు. చెడు కన్ను వేసేవాడి మొహం మాడిపోవాలనే మాట రెండు దేశాల లారీల వెనకా ఉంది. దేశాల మధ్య మూడు నాలుగు యుద్ధాలు జరిగాయి గానీ ఆ చెప్పు మాత్రం ఎవరి పక్షమూ తీసుకోలేదు.

ఇప్పుడు ఆ షెడ్లు కూడా తగ్గుతున్నాయి. కంపెనీలే క్యాబిన్‌తో సహా లారీని తయారుచేసి అమ్ముతున్నాయి. చేతి బొమ్మ పోయి కంప్యూటరు కోసిన స్టిక్కరు వచ్చింది. పాత బళ్లను తుక్కు కింద పంపే విధానం 2021లో వచ్చింది. పొగ తగ్గాలి, నిజమే. కానీ ఆ బళ్లతో పాటు తుక్కయ్యే చేతులకు ఏ ప్రభుత్వమూ ఏ లెక్కా కట్టలేదు.

గీకమనే వాళ్లతో

ఇంత దూరం వచ్చింది ఒక ప్రశ్న కోసం. పాత బెడ్‌ఫోర్డ్‌ను పూర్వ స్థితికి తేవాలంటే ఏం చేయాలి? తాజ్ పీకేయాలి. బురాఖ్‌ను గీకాలి. మువ్వలు తెంపాలి. లూటన్ కార్ఖానా వేసిన ఒంటిపొర పూత వేయాలి. అప్పుడది ‘అసలు’ది అవుతుంది. ఏ డ్రైవరూ దాన్ని ఎక్కడు. ఎందుకంటే అప్పుడది అతని లారీ కాదు, దొర వదిలేసిపోయిన లారీ.

మనల్ని ఇవాళ రెండు గుంపులు ఇదే పని చేయమంటున్నాయి. ఒకరొచ్చి, మీ తాత ముత్తాతలు హిందువులే గదా, పైన వేసుకున్న రంగు గీకేసుకుని అసలుకు రండి అంటారు. ఆ అసలులో మన తాత ఏ కులం కింద, ఏ వాడ అవతల ఉండేవాడో, ఆ రంగు ఎందుకు వేసుకోవాల్సి వచ్చిందో మాత్రం చెప్పరు. ఇంకొకరొచ్చి, మీ పీర్లూ మీ దర్గాలూ మీ తెలుగు పేర్లూ మీ పసుపుకుంకాలూ అన్నీ గీకేసి అరబ్బు అసలుకు రండి అంటారు. ఆ అసలులో మన అమ్మ పాడే తెలుగు పాటకు చోటెక్కడో మాత్రం చెప్పరు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది అదే పలక. ఇద్దరికీ కావలసింది అదే ఒంటిపొర పూత.

మనం ఏ కార్ఖానా నుంచీ ఒక్క రంగుతో దిగినవాళ్లం కాదు. దూదేకుల సాయిబు రంగు వేరు, పాతబస్తీ రంగు వేరు, కడప రంగు వేరు, గోదావరి ఒడ్డు ముస్లిం రంగు వేరు. ఉర్దూ ఒక పొర, తెలుగు ఒక పొర, పని ఒక పొర, కులం ఒక పొర. వీటిలో కొన్ని మనం ఇష్టపడి వేసుకున్నవి, కొన్ని దెబ్బలు తిని అతుకులేసుకున్నవి. సొట్టలు తీసుకుంటాం. కులం తుప్పునూ, ఆడవాళ్లను బయట నిలబెట్టే తుప్పునూ మేమే గీకుతాం, ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఏది తుప్పో ఏది రంగో తేల్చేది మేము. పలక మా చేతిలో ఉండాలి.

ఇది పెద్ద కోరిక కాదు. బండి నడిపేవాడికి తన బండికి ఏ రంగు వేసుకోవాలో తేల్చుకునే హక్కుంది. రోడ్డు అందరిదీ. పన్ను అందరమూ కడుతున్నాం. బరువు అందరమూ మోస్తున్నాం. మా షెడ్డులో మీ లారీలకు మీ దేవుళ్ల బొమ్మలు చెయ్యి వణక్కుండా గీశాం. మీరు మా లారీ పక్కన మీ లారీని ఆపి, దిగి, ఒక చాయ్ తాగి, ఈ నెమలి ఎవరేశారని అడిగితే చాలు. ఆ ఉస్తాదు పేరు చెబుతాం. ఆ పేరు ఇంకా ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. మనమే ఎక్కించాలి.